లూసీ రీ గుండీలు

లూసీ రీ గురించి ఎవరు రాసినా కథ ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. వియన్నాలో చిన్న వయసులోనే పేరు తెచ్చుకుంది. నాజీల దెబ్బకు 1938లో ఊరొదిలి లండన్ చేరింది. అక్కడ గడవడం కోసం కొన్నేళ్లు ఆడవాళ్ల కోట్లకు గుండీలు చేసింది. రోజులు బాగుపడ్డాక మళ్లీ అసలు పనిలో పడి, ఇరవయ్యో శతాబ్దపు సెరామిక్ కళాకారుల్లో ముందు వరసలో నిలబడింది. గుండీల సంగతికి ఈ కథలో దక్కేది ఒకటి రెండు వాక్యాలు. మధ్యలో జ్వరమొచ్చి తగ్గినట్టుగా చెప్పేసి ముందుకెళ్లిపోతారు.

నా పేచీ ఆ రెండు వాక్యాలతోనే. గుండీలు ఆవిడ పనికి అడ్డొచ్చాయని నేననుకోను. రంగుల మీద ఆవిడకున్న పట్టు అక్కడ గట్టిపడింది. ఆవిడ పనిని అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషి ఆ గుండీల బల్ల దగ్గరికే వచ్చాడు. అవే లేకపోతే మనం ఇప్పుడు మ్యూజియంలలో చూస్తున్న లూసీ రీ ఉండేది కాదని నా వాదన.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో మట్టి పని చేసే మా బోటి వాళ్లం నలుగురం కలిస్తే కాసేపట్లోనే మాట అక్కడికి వస్తుంది. "ఈ మగ్గులు, రిటర్న్ గిఫ్టుల గోల వదిలితే గానీ మన సొంత పని చేసుకోలేం" అని. గృహప్రవేశానికి నూటయాభై చిన్న గిన్నెలు కావాలంటారు. పెళ్లికూతురి తల్లి వాట్సాప్‌లో పట్టుచీర అంచు ఫొటో పెట్టి "అమ్మా, సరిగ్గా ఈ ఆకుపచ్చే రావాలి, పక్కన పెట్టి చూస్తే తేడా తెలియకూడదు" అంటుంది. ఆ ఫొటో చూసి నిట్టూర్చని వాళ్లు మాలో ఎవరూ లేరు.

అసలు ఈ గొడవ కుమ్మరికి లేదు. ఊరికి నీళ్ల కుండ కావాలి, దీపావళికి ప్రమిదలు కావాలి, పెళ్లికి అరివేణి కుండలు కావాలి. ఆయన సారె మీద చేసి, ఆవంలో కాల్చి ఇస్తాడు. కడుపు నింపే పనేది, కళ ఏది అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా అడుక్కోలేదు. స్టూడియో సెరామిక్స్ పుట్టుకే వేరు. ఫ్యాక్టరీలు పింగాణీని వేలకు వేలు దించుతున్న కాలంలో, ఒకే మనిషి మట్టి కలపడం దగ్గర్నుంచి గ్లేజ్ (కాలితే గాజులా గట్టిపడే పూత) వేసి కాల్చడం దాకా తానే చేసుకుని, అడుగున తన ముద్ర వేసుకోవడంతో ఇది మొదలైంది. దీనికి గట్టిగా వందేళ్ల వయసు. ఫ్యాక్టరీ మీద తిరుగుబాటుగా పుట్టింది కాబట్టి ఎక్కువ చేయడం, ఆర్డరుకు చేయడం అంటే దీనికి మొదట్నుంచీ ఏదో మైల అంటినట్టు ఉంటుంది.

ఇంగ్లండ్‌లో ఈ ఉద్యమానికి పెద్దదిక్కు బెర్నార్డ్ లీచ్. హాంకాంగ్‌లో పుట్టి, జపాన్‌లో పని నేర్చుకుని, 1920లో జపాన్ మట్టి కళాకారుడు షోజి హమాదాను వెంటబెట్టుకుని కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్‌లో వర్క్‌షాప్ పెట్టాడు. చేతికి బరువు తెలియాలి, మట్టి మట్టిలా కనిపించాలి, రంగులు నేలనీ రాళ్లనీ గుర్తుచేయాలి అన్నది ఆయన పంథా. ఆ పంథా ఎంత పాకిందంటే, ఈ రోజుకీ మన దేశంలో స్టూడియో పాటరీ అంటే చాలామందికి గోధుమరంగు మందపాటి కప్పే గుర్తొస్తుంది.

లూసీ రీ దానికి పూర్తిగా అటువైపు మనిషి. 1902లో వియన్నాలో బాగా కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి డాక్టరు, సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో పరిచయమున్నవాడు. వియన్నా అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో మైకేల్ పొవోల్నీ దగ్గర చదువుకుంది, 1925కల్లా సొంత స్టూడియో పెట్టుకుంది. 1937 పారిస్ ఎగ్జిబిషన్‌లో పతకం వచ్చింది. ఆవిడ చేసేవి పల్చటి పాత్రలు. నగరంలో, కొత్త తరహా ఇళ్లలో, తక్కువ సామాను మధ్య నిలబడేవి. లండన్‌లో ఆ పాత్రలు చూసి లీచ్ పెదవి విరిచాడు. మరీ పల్చగా ఉన్నాయన్నాడు. పారిస్‌లో పతకం తెచ్చిన గుణమే ఇక్కడ తప్పయింది. పాపం, ఆవిడ ఆ మాట పట్టుకుని కొన్నేళ్లు బరువైన పాత్రలు చేయడానికి ప్రయత్నించింది. ఒంటికి నప్పని బట్టలని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆవిడ చేరిన ఇల్లు హైడ్ పార్క్‌కు దగ్గర్లో, 18 ఆల్బియన్ మ్యూస్. ఒకప్పుడు గుర్రాలూ బగ్గీలూ కట్టేసిన సందు అది. కింద పని, పైన కాపురం. పైన గదిలోకి వియన్నా నుంచి ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ ప్లిష్కే డిజైన్ చేసిన ఫర్నిచర్ విప్పి తెప్పించుకుని మళ్లీ బిగించుకుంది. 1995లో కన్నుమూసే వరకు ఇల్లు మారలేదు.

గుండీలు మొదట గాజువి. బిమిని అనే గాజు వర్క్‌షాప్ నడిపే ఫ్రిట్జ్ లాంప్ల్ కూడా వియన్నా నుంచి వచ్చినవాడే. ఆయన ఇచ్చిన పని అది. యుద్ధం మధ్యలో ఆవిడ కొంతకాలం ఆప్టికల్ పరికరాల ఫ్యాక్టరీలోనూ పనిచేసింది. యుద్ధం అయ్యాక తన ఇంట్లోనే మట్టి గుండీలు మొదలుపెట్టి, తనలాగే దేశం వదిలి వచ్చిన వాళ్లను పనికి పెట్టుకుంది. ఇంగ్లండ్‌లో బట్టలకు కూపన్లు 1949 దాకా ఉన్నాయి. గుడ్డ కొలిచి ఇచ్చే రోజుల్లో కోటుకు సోకు తెచ్చేది గుండీ ఒక్కటే. లండన్ ఫ్యాషన్ హౌస్‌లు ఆవిడ దగ్గరికి గుడ్డ ముక్క పంపేవి. ఆ రంగుకు కలిసే గుండీ కావాలి.

ఇక్కడ కాసేపు ఆగాలి. మట్టి పని చేయని వాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ నా వాదన మొత్తం దీని మీదే ఉంది.

గుండీ ఆకారం కష్టం కాదు. ప్లాస్టర్ అచ్చులో మట్టి ముద్ద ఒత్తి, తీసి, దారం పోయేందుకు దారి వదిలి ఆరబెట్టాలి. కష్టమంతా రంగులో ఉంది. కుట్టుపని చేసేవాడికి దారం రంగు కళ్లముందే ఉంటుంది, చీర పక్కన పెట్టి చూసుకుంటాడు. గ్లేజ్‌కు ఆ సౌకర్యం లేదు. డబ్బాలో ఉన్న గ్లేజ్ చూస్తే సున్నం నీళ్లలా బూడిదరంగుగానో గులాబీరంగుగానో ఉంటుంది. అదే కాలిన తర్వాత ముదురు నీలంగా తేలుతుంది. రంగునిచ్చేది లోహాల ఆక్సైడ్లు: కోబాల్ట్ నీలానికి, రాగి ఆకుపచ్చకు, ఇనుము తేనెరంగు నుంచి నలుపు దాకా, మాంగనీస్ ఊదాకీ ముదురు గోధుమకీ, తగరం తెలుపుకు. వీటిలో ఏది వందకు రెండు పాళ్లు పడాల్సిన చోట మూడు పడినా రంగు మారిపోతుంది. పూత మందం మారితే మారుతుంది. కిల్న్‌లో, అంటే కాల్చే బట్టీలో, పై అరలో ఒకలా, కింది అరలో ఒకలా వస్తుంది. చివరికి తలుపు తీసే దాకా ఏం వచ్చిందో తెలియదు. అందుకే మేమంతా టెస్ట్ టైల్స్ కాలుస్తాం. చిన్న చిన్న బిళ్లల మీద గ్లేజ్ పూసి, వెనక నంబరు రాసి, నోటుబుక్కులో పాళ్లు రాసుకుని కాల్చి చూస్తాం. విసుగు పుట్టించే పని. డబ్బు ఖర్చే తప్ప రాబడి లేని పని. అందుకే ఎవరూ చేయాల్సినన్ని చేయరు. నాలుగు గ్లేజులు కుదిరాయంటే జన్మంతా వాటితోనే సరిపెట్టేసుకునే వాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఆ గుడ్డ ముక్కల సంగతి చూడండి. ఈ వారం ముదురు నేరేడు, వచ్చే వారం పిస్తా ఆకుపచ్చ, ఆపైన ఎవరూ పేరు పెట్టని ఏదో బూడిద నీలం. తనంతట తాను ఎన్నడూ ఎంచుకోని రంగులు. వాటిని పట్టుకునేదాకా పాళ్లు మార్చి మార్చి కాల్చాలి. కుదరని గుండీ కూడా ఒక పాఠమే, పైగా మట్టి నష్టం వేలి గోరంత. టెస్ట్ టైల్స్‌కు మా సొంత డబ్బు తగలేస్తాం మేము. ఆవిడ టెస్ట్ టైల్స్‌కు ఫ్యాషన్ హౌస్‌లు డబ్బు కట్టి, కోట్లకు కుట్టించుకున్నాయి. తర్వాతి నలభై ఏళ్లలో ఆవిడ బోల్స్ మీద మనం చూసే నిమ్మపసుపు, గులాబీ, ఆకాశనీలం, కరిగి కారిన కంచు బంగారు అంచు, వీటికి వెనక అన్నేళ్ల సాధన ఉంది. పొవోల్నీ క్లాసులో గ్లేజ్ కెమిస్ట్రీ మీద ఇష్టం మొదలైందన్నది నిజమే. ఇష్టం వేరు, చేతిలో ఉండటం వేరు.

రెండో సంగతి హాన్స్ కోపర్. జర్మనీ నుంచి కుర్రతనంలో ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండ్ వచ్చాడు. యుద్ధం రాగానే శత్రుదేశం వాడని పట్టుకుని కెనడాకు పంపారు, తర్వాత సైన్యంలో చాకిరీ పటాలంలో చేరి తిరిగొచ్చాడు. 1946లో పని వెతుక్కుంటూ ఆల్బియన్ మ్యూస్ తలుపు తట్టాడు. శిల్పి అవుదామని కోరిక, మట్టి ముట్టుకున్న అనుభవం మాత్రం సున్నా. గుండీలు ఒత్తడానికి కుదిరాడు. అతని చేతిలో పని ఉందని లూసీ రీ కనిపెట్టి, వీల్ (సారె) మీద పని నేర్చుకు రమ్మని వూల్విచ్‌లో హెబర్ మాథ్యూస్ దగ్గరికి పంపింది. కొద్దికాలానికే ఇద్దరూ కలిసి ప్రదర్శనలు పెట్టారు. లీచ్ మాటల్ని మోసుకుంటూ తిరుగుతున్న ఆవిడతో, నీ దారి నీది అని గట్టిగా చెప్పిన మనిషి ఈ కోపరే. మళ్లీ పల్చటి గోడలు వచ్చాయి, చిన్న పీఠం మీద పైకి విచ్చుకునే బోల్స్ వచ్చాయి. కోపర్ 1958లో సొంత స్టూడియోకు వెళ్లి, కోవెంట్రీ కెథడ్రల్‌కు దీపస్తంభాలు చేసే దాకా ఎదిగాడు. ఆర్డర్లు తీసుకోకూడదని ఆవిడ భీష్మించుకుని కూర్చుంటే ఆ తలుపు ఎవరు తట్టేవాళ్లు?

గుండీల తర్వాత కూడా ఇద్దరూ చేసింది ఆర్డరు పనే. 1950ల్లో కాఫీ సెట్లు, సలాడ్ బోల్స్, సాసర్లు. బయట మాంగనీస్ ముదురు గోధుమ, లోపల తెలుపు, అంచు దగ్గర సూదితో గీసిన సన్నటి గీతలు. చాలా వాటి అడుగున ఇద్దరి ముద్రలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ సూది గీతలకు మూలం 1948 ప్రాంతంలో ఏవ్‌బరీ మ్యూజియంలో ఆవిడ చూసిన పాత కుండలు. కంచుయుగం నాటి ఆ కుండల మీద పక్షి ఎముకతో గీసిన గీతలున్నాయి. మ్యూజియంలో చూసింది కాఫీ కప్పు మీదికి వచ్చింది, కప్పు మీద చేయి తిరిగాక పోర్సిలిన్ (పింగాణీ) బోల్స్ మీదికి వెళ్లింది. ఏది అమ్మకం సరుకు, ఏది కళ అని ఇక్కడ గీత గీయమంటే నాకు చేతకాదు.

ఇదంతా కరెంటు కిల్న్‌లో జరిగింది. 1948లో కొత్తది వచ్చాక స్టోన్‌వేర్, పోర్సిలిన్ మొదలుపెట్టింది. స్టోన్‌వేర్ మనకు కొత్తది కాదు, ఇంట్లో ఆవకాయ జాడీ అదే. 1200 డిగ్రీలు దాటి కాలితే నీళ్లూ నూనే పీల్చుకోని గట్టిదనం వస్తుంది. మామూలుగా ఎవరైనా పాత్రను ఒకసారి వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చి, గట్టిపడ్డాక గ్లేజ్‌లో ముంచి, మళ్లీ 1250 దాకా కాలుస్తారు. ఆవిడ ఒక్కసారే కాల్చేది. పచ్చి పాత్రను వీల్ మీద మెల్లగా తిప్పుతూ బ్రష్‌తో చిక్కటి గ్లేజ్ పూసేది. గ్లేజ్‌లో సగం నీళ్లే. ఎండిన పచ్చి మట్టికి నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, పగులుతుంది, పల్చటి గోడైతే చేతిలోనే విడిపోతుంది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ నిలబడిందా, మట్టీ గ్లేజూ ఒకేసారి కాలి ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి. పైన పూసినట్టు ఉండదు. గ్లేజ్‌లో సిలికాన్ కార్బైడ్ కలిపి బుడగలు రప్పించి, పైభాగమంతా గుంటలు గుంటలుగా మిగిల్చిన పాత్రలు కూడా ఉన్నాయి. కట్టెల బట్టీ పొగా బూడిదా ఇచ్చే గరుకుదనం కరెంటు కిల్న్‌లో రాదు కదా, దాన్ని రసాయనంతో సాధించింది. 1982లో బీబీసీ కోసం డేవిడ్ అటెన్‌బరో ఆవిడ ఇంటికి వెళ్లి ఒక కార్యక్రమం తీశాడు. ఎనభై ఏళ్ల మనిషి ఆ లోతైన కిల్న్‌లోకి సగం వంగి పాత్రలు పైకి తీస్తుంటే చూసేవాళ్లకు టెన్షన్‌గా ఉంటుంది.

కట్టెల బట్టీ లేదు, పల్లెటూరు లేదు, కొండ చరియ లేదు అని వాపోయేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. అపార్ట్‌మెంట్‌లో త్రీ ఫేజ్ కనెక్షన్ కోసం అసోసియేషన్ సెక్రటరీ గారిని బతిమాలుకున్న వాళ్లకు లీచ్ కంటే లూసీ రీ దగ్గరి చుట్టం. (నాకైతే జనం ఎగబడే ఆవిడ పొడుగు మెడ వాజుల కంటే బోల్సే ఇష్టం. వాజుల్లో కొంచెం అందం ఎక్కువైందనిపిస్తుంది. ఇది నా రుచి, వాదన కాదు.)

దీనికి ఎదురు చెప్పేవాళ్ల దగ్గరా బలమైన మాటలున్నాయి. ఒకటి, ఆవిడ బీదరాలు కాదు. ప్లిష్కే ఫర్నిచర్‌ను సముద్రం దాటించగలిగిన మనిషి కష్టాన్ని, రూము అద్దె కట్టలేక వీల్ అమ్ముకున్న మనిషి కష్టంతో కలిపి చూడకూడదు. ఒప్పుకుంటాను. కిల్న్ కొనడం, కరెంటు బిల్లు, పాత్ర పోతే తట్టుకోవడం, అన్నిటికీ వెనక కొంత ఆసరా ఉండాలి. ఈ కళలో ఆ మాట దాచిపెట్టి మాట్లాడటం మోసమే. కాకపోతే ఆ ఆసరా ఉండి కూడా ఆవిడ గుండీలను చులకన చేయలేదు. చేయగలిగీ చేయకపోవడం నాకు ఇంకా పెద్ద సాక్ష్యం.

రెండోది, లీచ్‌ను ఇక్కడ విలన్‌ని చేయడమూ న్యాయం కాదు. సెయింట్ ఐవ్స్ వర్క్‌షాప్ బతికింది స్టాండర్డ్ వేర్ మీద. కేటలాగు వేసి అమ్మిన గిన్నెలు, జగ్గులు, మూతల కుండలు. వాటిని అప్రెంటిస్‌లు వరసగా తిప్పేవాళ్లు, ఆ తిప్పడంలోనే ఒక తరం పని నేర్చుకుంది. మన దగ్గర పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ కథా అంతే. అక్కడ భోజనాల గదికి కావాల్సిన సామాను తయారై అమ్ముడయ్యేది. ఆ వర్క్‌షాప్‌లో పనిచేసిన స్థానికులు బయటికొచ్చి సొంత పాటరీలు పెట్టుకున్నారు. మీకర్ మట్టితో ఇల్లు కట్టి, ఇంటినే కిల్న్‌లా కాల్చే ప్రయోగాలు చేశాడు. దేశంలో ఇప్పుడు పేరున్న సెరామిక్ కళాకారులు ఎందరో అక్కడ నేర్చుకున్నవాళ్లే. కప్పులూ ప్లేట్లూ లేకుండా ఆ తరం తయారయ్యేదా?

అసలు ఇబ్బంది పెట్టే ప్రశ్న మూడోది. ఆర్డర్లు మనిషిని తినేస్తాయి కదా? తినేస్తాయి. ఒకే మగ్గును ఒకే నీలంలో ఏళ్ల తరబడి చేస్తూ, చేతికి తెలియకుండానే చేసేస్తూ, చివరికి చేయడం మానేసిన వాళ్లున్నారు. తేడా ఆర్డరులో ఏముందన్న దాంట్లో ఉంది. గుడ్డ ముక్క పంపిన దర్జీ ప్రతిసారీ కొత్త లెక్క ఇస్తున్నాడు. కిందటి నీలమే ఇంకో వంద కావాలన్న కొట్టువాడు ఏ లెక్కా ఇవ్వడు, డబ్బు మాత్రం ఇస్తాడు. రెండోది కూడా కావాలి, కరెంటు బిల్లు కట్టాలి కదా. కానీ రెంటినీ ఒకే గాటన కట్టి "కమర్షియల్" అని మూలన పడేయడం వల్ల, మనం వదులుకోవాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదిలేస్తున్నాం. పట్టుచీర అంచు ఫొటో మొదటి రకం. మనం మాత్రం దాన్ని చూసే ఎక్కువ విసుక్కుంటాం!

గుండీలను ఆవిడ తర్వాతి కథలోంచి కూడా ఎవరూ తుడిచేయలేకపోయారు. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే ఆవిడ అభిమాని. 1989లో టోక్యోలోనూ ఒసాకాలోనూ ఆవిడ పనిని ప్రదర్శనగా పెట్టాడు, ప్రదర్శన ఏర్పాటు చేసింది ఆర్కిటెక్ట్ తదావో ఆందో. అదే ఏడాది తన చలికాలపు బట్టలకు మియాకే కుట్టించినవి నలభై ఏళ్ల కిందటి లూసీ రీ గుండీలు. రెండేళ్ల తర్వాత ఇంగ్లండ్ రాణి ఆవిడకు డేమ్ బిరుదు ఇచ్చింది. అప్పటికే పక్షవాతం వచ్చి పని ఆగిపోయింది. ఇప్పుడు ఆ స్టూడియోను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో యథాతథంగా నిలబెట్టారు.

ఇక మా స్టూడియో సంగతి. రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు తీసుకుంటున్నాం. చీర అంచు రంగు కావాలంటే ఫొటో పనికిరాదు, ఫోను ఫోనుకూ రంగు మారుతుంది. బ్లౌజు ముక్క పంపండి. ముందు టెస్ట్ టైల్స్ కాల్చి చూపిస్తాం, వాటికి విడిగా డబ్బు తీసుకుంటాం. ముహూర్తానికి రెండు నెలల ముందు చెప్పాలి. వారం ముందు ఫోన్ చేసి "ఎలాగైనా చూడమ్మా" అంటే స్టీలు గిన్నెల కొట్టు అడ్రసు ఇస్తాను.